ఇంటి చదువు, కొండ బడి



హైదరాబాదు, బెంగళూరు లాంటి నగరాల్లో కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నారు. దాన్ని హోమ్‌స్కూలింగ్ అంటున్నారు. ఇంకొందరు అక్కడితో ఆగరు. పాఠ్యపుస్తకం, టైంటేబులు, పరీక్ష ఏవీ పెట్టుకోకుండా, పిల్లవాడి మనసు ఎటు పోతే అటే చదువును పోనిస్తారు. అది అన్‌స్కూలింగ్. అలాంటి దంపతులు సెలవులకని అరకు వచ్చారు. ఊరి బయట మేకలు కాస్తున్న పిల్లల్ని చూసి, "వీళ్లెంత అదృష్టవంతులండీ, బడి గొడవే లేదు" అన్నారు నాతో. పక్కనే ఒక తండ్రి ఉన్నాడు. ఇంట్లో కువి భాష మాట్లాడే మనిషి, తెలుగు బాగానే అర్థమవుతుంది. "మా అయ్యకీ బడి లేదు, నాకూ లేదు బాబూ. అదే అదృష్టమైతే మాకెప్పుడో పట్టేసేది" అన్నాడాయన.

ఏజెన్సీ బడుల్లో పాఠాలు చెప్పినవాణ్ని కాబట్టి, ఇంటి చదువు మంచిదా, బడి చదువు మంచిదా అన్న ప్రశ్నను ఆ తండ్రి పక్కన నిలబడి చూడాలని నాకు అనిపిస్తుంది.

ముందుగా బడి వద్దన్నవాళ్ల మాట వినాలి. వాళ్లు తేలిగ్గా తీసిపారేయదగిన మనుషులు కారు. అమెరికాలో జాన్ హోల్ట్ అనే ఆయన స్వయంగా బడిపంతులు. 1964లో 'హౌ చిల్డ్రన్ ఫెయిల్' అనే పుస్తకం రాశాడు. తరగతిలో పిల్లలు నేర్చుకుంటున్నది పాఠం కాదనీ, పంతులుకు ఏ జవాబు కావాలో కనిపెట్టి తప్పించుకోవడమనీ, అన్నిటికీ వేరు భయమేననీ ఆయన గమనించాడు. మొదట్లో బడిని బాగుచేసుకోవచ్చని నమ్మాడు. తర్వాత ఆ నమ్మకం పోయి, 1977లో బడి బయట పెరిగే పిల్లల కోసం ఒక పత్రికే పెట్టాడు. అంతకు ముందే, 1971లో, ఇవాన్ ఇల్లిచ్ అనే ఆలోచనాపరుడు అసలు సమాజమే బడి పట్టునుంచి బయటపడాలని రాశాడు.

మనకూ ఈ ఆలోచన కొత్తది కాదు. చలం బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేసినవారు. పిల్లల్ని భయపెట్టి పెంచే పద్ధతి మీద ఆయనకున్న బాధంతా 'బిడ్డల శిక్షణ'లో ఉంది. గుజరాతులో గిజూభాయి 1932లో రాసిన 'దివాస్వప్న'ను తెలుగులో 'పగటికల'గా చదువుకున్నాం. జపాను అమ్మాయి టోటోచాన్ కథను 'రైలుబడి'గా చదువుకున్నాం. అయితే ఇక్కడ ఒక సంగతి మరిచిపోకూడదు. గిజూభాయి గానీ, రైలుపెట్టెల్లో బడి నడిపిన కొబయాషి మాస్టారు గానీ బడిని వదిలేసి పోలేదు. బడిలోనే ఉండి దాన్ని మార్చారు. నా మొగ్గు అటే.

ఇప్పుడు కొండమీద ఇల్లు పిల్లలకు ఏం నేర్పుతుందో చూద్దాం.

పోడు కొండ ఎక్కిన తల్లి వెనకాల ఆరేళ్ల పిల్ల నడుస్తుంది. చోడి, సామ, కంది, బొబ్బర్లు ఏ వాలులో ఏది వేయాలో, ఏది ముందు కోతకొస్తుందో, ఏ విత్తనం వచ్చే ఏటికి దాచాలో చూస్తూనే నేర్చుకుంటుంది. ఏ దుంపను ఒకసారి ఉడికిస్తే చాలు, ఏ దుంపను నీళ్లు మార్చి మళ్లీ మళ్లీ ఉడికించాలి అన్నది ఆ పిల్లకు తెలుసు. తెలియకపోతే ప్రాణం మీదికొస్తుంది. అడ్డాకు ఎప్పుడు కోయాలి, కొండచీపురు ఎప్పుడు కట్టాలి, వెదురును ఏ వయసులో నరికితే పురుగు పట్టదు, ఇవన్నీ పదేళ్లొచ్చేసరికి చేతికొస్తాయి. చైత్రంలో ఇటుకల పండుగ వస్తే ఊరంతా కదులుతుంది. థింసా నాట్యంలో చిన్నపిల్లల్ని ఎవరూ వరసలోంచి తీసేయరు. పెద్దవాళ్ల నడుము పట్టుకుని తప్పటడుగులు వేస్తూనే అడుగు కుదురుతుంది. తప్పు వేసినందుకు సున్నా వేసేవాళ్లు అక్కడ లేరు.

మనకు పక్కనే ఉన్న బస్తరులో మురియా గోండులకు ఘోటుల్ ఉండేది. ఊరి పిల్లలు, యువకులు సాయంత్రాలు కలిసి ఉండి పాట, పని, మర్యాద నేర్చుకునే ఇల్లు అది. వెరియర్ ఎల్విన్ 1947లో దాని మీద పెద్ద గ్రంథమే రాశారు. నగరాల్లో అన్‌స్కూలింగ్ చేసేవాళ్లు దేన్ని వెతుకుతున్నారో అదంతా కొండల్లో తరతరాలుగా ఉంది. పెద్దల పని పక్కనే ఉండటం, అడిగితే చెప్పే మనిషి ఉండటం, సొంత భాష, తొందర లేకపోవడం, అన్నీ ఉన్నాయి.

మరి ఆ తండ్రి ఎందుకు అలా అన్నాడు?

ఆయన మాట అర్థం కావాలంటే సంతకు పోవాలి. చింతపండు, పసుపు, పిప్పళ్లు నెత్తిన పెట్టుకుని తెల్లవారకముందే బయల్దేరిన మనిషి, సంతలో కాటా దగ్గర నిలబడతాడు. కాటా మీద అంకె ఎంతుందో చదవలేకపోతే వ్యాపారి చెప్పిందే తూకం. అప్పు పత్రం మీద ఏం రాశారో చదవలేకపోతే వేలిముద్రే సంతకం. ఇలా భూములు పోయాయి, పంటలు పోయాయి. దళారుల పీడ వదిలించడానికే 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టాల్సి వచ్చింది. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో 1/70 చట్టం తేవాల్సి వచ్చింది. చట్టం ఉన్నా దాన్ని చదివి చూపించే పిల్లవాడు ఇంట్లో లేకపోతే అది కాగితమే. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గిరిజనుల అక్షరాస్యత 49.2 శాతం. అంటే సగం కన్నా తక్కువ. ఆ మిగతా సగాన్ని మనం అన్‌స్కూలింగ్ చేసిన కుటుంబాలంటామా? అనలేం. వాళ్లు బడిని కాదనలేదు, బడే వాళ్ల దాకా రాలేదు.

ఇంట్లో, సంతలో నేర్చిన లెక్క చాలదా అని అడగవచ్చు. దీనికి మంచి పరిశోధనలున్నాయి. 1985లో బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో వీధుల్లో కొబ్బరికాయలు, పళ్లు అమ్మే పిల్లల్ని పరిశోధకులు గమనించారు. బేరం చేస్తున్నప్పుడు ఆ పిల్లల లెక్క నూటికి 98 పాళ్లు సరిగ్గా వచ్చింది. అవే లెక్కల్ని కాగితం మీద అంకెలుగా ఇస్తే 37 పాళ్లకు పడిపోయింది. 2025లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తదితరులు మన కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద ఇలాంటి పరిశోధనే చేసి నేచర్ పత్రికలో ప్రచురించారు. బజారు పిల్లలు నోటి లెక్కలో దిట్టలు, బడి లెక్కలో వెనకబడ్డారు. బడి పిల్లలు కాగితం మీద చేస్తారు గానీ బజారు బేరం లెక్క ఇస్తే తడబడ్డారు.

ఈ ఫలితం రెండు పక్షాలనూ మందలించినట్టు నాకు అనిపిస్తుంది. సంతలో చింతపండు అమ్మి చిల్లర సరిగ్గా తెచ్చే పిల్ల, బడిలో పలక ముందు బిక్కచచ్చి కూర్చోవడం నేను కళ్లారా చూశాను. ఆ పిల్లకు లెక్క రాదని రికార్డులో రాసుకున్నాం. రానిది లెక్క కాదు. ఆ పిల్ల దగ్గరున్న లెక్కకూ, మేం నల్లబల్ల మీద రాసిన లెక్కకూ మధ్య దారి వేసినవాళ్లు లేరు. దారి దానంతట అదే పడదు. ఇంట్లో వదిలేసినా పడదు, బడిలో కూర్చోబెట్టినా పడదు. ఎవరో ఒక పెద్దమనిషి రెండూ తెలిసి ఉండి, పిల్ల చెయ్యి పట్టుకుని నడిపించాలి.

ఇంటి చదువు గురించి మాట్లాడేటప్పుడు గాంధీగారి ఇంటి సంగతి నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. 1897లో ఆయన ఇద్దరు కొడుకుల్నీ, ఒక మేనల్లుణ్నీ వెంటబెట్టుకుని డర్బన్‌లో దిగారు. తెల్లవాళ్ల బడిలో తన పిల్లలకు ప్రత్యేకంగా చోటు దొరికే వీలుంది. తోటి భారతీయుల పిల్లలకు లేని సౌకర్యం తన పిల్లలకు ఎందుకని ఆయన వద్దనుకున్నారు. మిషన్ బడుల చదువు నచ్చలేదు. ఇంట్లోనే నేర్పుదామనుకున్నారు. ఉద్యమాల మధ్య ఆయనకు తీరిక చిక్కేది కాదు. ఆఫీసుకు నడిచి వెళుతూ దారిలో పాఠం చెప్పిన రోజులున్నాయి. పిల్లలకు మాతృభాష వచ్చింది, సేవ వచ్చింది, కష్టపడే గుణం వచ్చింది. కానీ పెద్ద కొడుకు హరిలాల్ మనసులో తనను చదువుకు దూరం చేశారన్న బాధ ఉండిపోయింది. 1911లో తండ్రిని వదిలి, మెట్రిక్యులేషన్ చదువుతానని అహమ్మదాబాదు వచ్చేశాడు. గాంధీగారు ఆత్మకథలో ఈ ఫిర్యాదును దాచలేదు. కొడుకుల అసంతృప్తిని ఒప్పుకుంటూనే, తాను చేసింది తప్పు కాదన్నారు.

నాకు గాంధీగారి మీద ఉన్న గౌరవం చిన్నది కాదు. అయినా ఈ విషయంలో నేను హరిలాల్ పక్షం. తల్లిదండ్రుల ఆదర్శానికి మూల్యం చెల్లించేది పిల్లలైనప్పుడు, వాళ్లను ఒక్కసారైనా అడగాలి. ఇంట్లో చదివించే తల్లిదండ్రులు ఎవరైనా ఈ మాట పట్టించుకోవాలి. ఇంటి చదువులో పెద్ద లోపం పాఠాల్లో ఉండదు. నేర్పే మనిషికి తీరిక లేనప్పుడు, లేదా నేర్పే మనిషి ఇష్టమే పిల్లవాడి ఇష్టంగా చెలామణి అయినప్పుడు, చెప్పుకోవడానికి ఆ పిల్లవాడికి ఇంకో మనిషి ఉండడు.

ఇక చట్టం సంగతి. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధం. జర్మనీలో దాదాపు నిషిద్ధం. మన దగ్గర 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ చదువు హక్కు ఇచ్చింది. పిల్లల్ని దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంది. ఇంటి చదువు పేరెత్తలేదు, ఇంట్లో చదివించినవాళ్లకు శిక్షా వేయలేదు. బడికి దూరమైన పిల్లవాడు తిరిగొస్తే, వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని ప్రత్యేకంగా శిక్షణ ఇవ్వాలని మాత్రం చెప్పింది. పద్నాలుగేళ్లు నిండితే సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పది పరీక్ష రాయవచ్చు. నగరంలో ఇంట్లో చదివించే కుటుంబాలకు ఇవన్నీ తెలుసు. ఇంట్లో పుస్తకాలుంటాయి, ఇంటర్నెట్ ఉంటుంది, ఇంగ్లీషు ఉంటుంది. ప్రయోగం నచ్చకపోతే వచ్చే జూన్‌లో ఏదో ఒక బడి ఫీజు కట్టి చేర్చేస్తారు. వెనక్కి వచ్చే దారి వాళ్లకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కొండమీద పిల్లవాడు నాలుగేళ్లు బడికి దూరమైతే, ఆ దారిని మళ్లీ వెతికిపెట్టే మనిషి దొరకడం కష్టం. నగరంలో బడి మానేసిన పిల్లవాడి చేతికి గిటారో, కంప్యూటరో వస్తుంది. ఇక్కడ మానేసిన పిల్లవాడి చేతికి కూలిపని వస్తుంది. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ నడిపిన శాంతాసిన్హాగారు బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలేనని గట్టిగా వాదించారు. 2003లో మెగసెసె అవార్డు వచ్చింది ఆ పనికే. ఆ వాదన కొందరికి మొరటుగా తోచవచ్చు. ఏజెన్సీలో దాని విలువ తెలుస్తుంది.

అయితే బడి గొప్పదని చెప్పి ముగించడానికి నేను రాలేదు. మన కొండ బడి చేసిన అన్యాయాలూ చెప్పాలి.

మొదటిది భాష. ఇంట్లో కువి, కొండ, గదబ, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లవాడు ఒకటో తరగతిలో తెలుగు వింటాడు, ఇప్పుడు దాని మీద ఇంగ్లీషూ వింటున్నాడు. వాడికి ఆ రెండూ పరాయివే. నెలల తరబడి మాట్లాడడు. మనం మొద్దు అనుకుంటాం. కొంతకాలానికి బడికి రావడం మానేస్తాడు. అప్పుడు తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదని అంటాం. గిడుగు రామమూర్తి పంతులుగారు నూరేళ్ల కిందటే పర్లాకిమిడిలో దీనికి జవాబు చేసి చూపించారు. సవరల భాష నేర్చుకున్నారు, వాళ్ల భాషలో వాచకాలు తయారుచేశారు, సొంత డబ్బు పెట్టి వాళ్లకు బడులు నడిపారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఆయన పేరునే చేస్తున్నాం. ఆ రోజున సవర పలక గురించి కూడా నాలుగు మాటలు చెప్పుకుంటే బాగుంటుంది.

2004లో ఉమ్మడి రాష్ట్రంలో కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, లంబాడీ, ఈ ఎనిమిది భాషల్లో ప్రాథమిక చదువు మొదలైంది. తెలుగు లిపిలోనే ఆ వాచకాలు వచ్చాయి. పిల్లలు నోరు విప్పారు. ఆ పనికి ఆ భాషలు తెలిసిన పంతుళ్లు కావాలి. కానీ షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. రిజర్వేషన్ నూటికి నూరు పాళ్లు ఉండకూడదన్నది కోర్టు కారణం. ఆ చర్చ న్యాయవాదులకు వదిలేద్దాం. ఒకటో తరగతి పిల్లవాడికి మాత్రం వాడి మాట తెలిసిన మనిషి తరగతిలో ఉండితీరాలి.

రెండోది, నన్ను ఎక్కువగా బాధపెట్టేది, ఆశ్రమ పాఠశాల. మూడో తరగతికే, అంటే ఎనిమిదేళ్లకే, పిల్లల్ని ఇంటి నుంచి హాస్టలుకు తీసుకుపోతున్నాం. ఆశ్రమ పాఠశాలల మేలు నేను కాదనను. అన్నం పెట్టాయి, పుస్తకం ఇచ్చాయి. ఏజెన్సీలో మొదటి తరం నర్సులు, పంతుళ్లు, గుమాస్తాలు ఎంతోమంది అక్కడినుంచే వచ్చారు. కానీ దసరాకో, సంక్రాంతికో ఇంటికొచ్చే ఎనిమిదేళ్ల పిల్లకు ఇందాక చెప్పిన పోడు, దుంపలు, విత్తనాలు, పాట, ఏవీ అందవు. నగరంలో తల్లిదండ్రులు బడిని తీసేసి ఇంటిని మిగుల్చుకుంటున్నారు. ఇక్కడ మనం ఇంటిని తీసేసి బడిని ఇస్తున్నాం. ఒక తండ్రి నాతో అన్న మాట ఇది: "హాస్టల్‌కి పంపితే మా మాట మర్చిపోతాడు, ఇంట్లో ఉంచితే అచ్చరం మర్చిపోతాడు. ఏటి సెయ్యమంటారు మేస్టారూ?"

మూడోది బడి క్యాలెండరు. కాఫీ పళ్లు నవంబరు నుంచి జనవరి దాకా కోతకొస్తాయి. ఆ రోజుల్లో హాజరుపట్టీ ఖాళీగా ఉంటుంది. ఇటుకల పండుగ నాటికి ఏడాది పరీక్షలుంటాయి. విద్యాహక్కు చట్టం తొమ్మిదో సెక్షన్ బడి క్యాలెండరు నిర్ణయించే బాధ్యతను స్థానిక సంస్థకే ఇచ్చింది. ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలకు తగ్గకుండా, కోతకూ పండుగకూ సెలవులు సర్దుకోవచ్చు. ఆ అధికారాన్ని ఎందుకు వాడుకోలేదో పంచాయతీలు ఆలోచించాలి.

అసాధ్యం కాని నమూనాలు మన చుట్టూనే ఉన్నాయి. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం చిన్న పల్లెల్లో ఒకే గదిలో వేర్వేరు వయసుల పిల్లలు ఎవరి వేగంలో వాళ్లు చదువుకునే కార్డులు తయారుచేసింది. పంట పనికి పది రోజులు పోయిన పిల్లవాడు తిరిగొచ్చి, తాను ఆపిన కార్డు దగ్గర్నుంచే మొదలుపెడతాడు. వెనకబడ్డాడన్న మాట ఉండదు. బస్తరులో కొండగావ్ దగ్గర 2007లో ఇమ్లీ మహువా అనే చిన్న బడి మొదలైంది. ఆదివాసీ పిల్లలు ఏం నేర్చుకోవాలో వాళ్లే కూర్చుని నిర్ణయించుకునే బడి అది. అన్‌స్కూలింగ్‌లో మంచి ఏదైనా కొండ పిల్లలకు అందాలంటే ఇలాంటి రూపంలోనే అందాలి. ఊళ్లో ఒక గది, ఒక మనిషి, కొన్ని పుస్తకాలు, బలవంతం లేని రోజు.

నా అభిప్రాయం ఇది. నగరంలో ఒక తల్లికో తండ్రికో రోజూ నిజంగా తీరిక ఉండి, ఇతర పిల్లల సాంగత్యం దొరికి, పిల్లవాడు బడికి పోతానన్న రోజున పంపడానికి సిద్ధంగా ఉంటే, ఇంటి చదువు నడుస్తుంది. అన్‌స్కూలింగ్ అంతకన్నా కష్టం. అందులో పెద్దవాళ్ల శ్రమ తగ్గదు, పెరుగుతుంది. అరకు కొండల్లో మాత్రం బడి ఉండాలి. ఐదో తరగతి వరకూ ఆ బడి ఊళ్లోనే, నడిచి వెళ్లేంత దూరంలో, పిల్లల భాషలో ఉండాలి. హాస్టలు ఆ తర్వాతే.

వింటున్న తల్లిదండ్రులకు ఒక మాట. ప్రతి సర్కారు బడికీ పాఠశాల యాజమాన్య కమిటీ ఉంటుంది. చట్టం ప్రకారం అందులో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. సంతకాల కోసం పిలిచినప్పుడు వేలిముద్ర వేసి వచ్చేయకండి. కూర్చోండి. మా పిల్లలకు మా మాటలో పాఠం చెప్పండి అని అడగండి. వారానికొక పూట ఊరి పూజలు చేసే గురుమాయినో, వెదురు పని తెలిసిన తాతనో, విత్తనాలు తెలిసిన అమ్మమ్మనో బడికి పిలవండి అని అడగండి. కోతల్లో సెలవులు అడగండి. చిన్నపిల్లల్ని హాస్టలుకు పంపకముందు ఊరి బడినే ఐదో తరగతి దాకా నడపమని తీర్మానం రాయించండి, రాసింది చదివించుకుని అప్పుడే సంతకం పెట్టండి.

పంతుళ్లకూ ఒక మాట. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం పాఠం మొదలుపెట్టకండి. పిల్లలతో కలిసి ఊరు తిరగండి, వాళ్ల భాషలో పాతిక మాటలు రాసుకోండి. రెండో వారం ఆ పాతిక మాటలతో పలక పట్టించండి.